సముద్రాన్ని సీసాలలో పట్టే వుద్యోగం

"మీరు విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్నారటగదా! పిల్లలకు యేమి పాఠం చెబుతారండీ?" అని పేరంటాలలో నన్ను అడుగుతూ వుంటారు.

నేను పాఠం చెప్పను. సీసాలు కడుగుతాను. సముద్రపు నీళ్లు వడపోస్తాను. బురద జల్లించి అందులోని పురుగులను యేరుతాను. వాటిని సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కపెడతాను. యింతే నా వుద్యోగం. అదికూడా రోజుకు వొక పూట, వారానికి నాలుగు రోజులు. యీ జవాబు విన్నవారి ముఖాన కొంచెం జాలి కనిపిస్తుంది. "పోనీలెండి, ప్రొద్దు పోతుంది" అని వోదారుస్తారు.

ప్రొద్దు పోవడానికే అయితే యింట్లో కావలసినంత పని వున్నది. పెండ్లికి ముందు జంతుశాస్త్రంలో బి.యస్సీ. పట్టా తెచ్చుకొని, దానిని పట్టుచీరెల కింద పెట్టెలో దాచి, పిల్లలు చేతికి అందివచ్చిన తరువాత మళ్లీ బయటికి తీసినదాన్ని నేను. సముద్ర జీవుల పరిశోధనశాలలో సగంపూట సహాయకురాలు కావాలని తెలిసినప్పుడు, వెళ్లి అడిగాను. యిచ్చారు. ఆ సంగతి విని మన పత్రిక సంపాదకులవారు, "ఆ సీసాల కథే వ్రాయండి. మనవాళ్ల పిల్లలకు పనికివస్తుంది" అన్నారు. అందుచేత వ్రాస్తున్నాను.

మన తీరం, మనవారు

మాది గంజాం సీమ. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రం యేర్పడేదాకా యిది చెన్నపట్నం రాజధానిలో భాగం. బరంపురంలో మనవారు తరతరాలుగా వున్నారు. గోపాలపురం రేవునుంచి వొకప్పుడు స్టీమర్లు రంగూనుకు పోయేవి. పొట్టకూటికై బర్మా వెళ్లిన మన తెలుగువారు యెందరో ఆ యిసుకమీదనుంచే పడవ యెక్కారు. యిప్పటికీ ఆ తీరాన వలలు వేసే నోళియాల యింటిమాట తెలుగే. అంచేత మా పరిశోధనశాలలో కాగితాలు ఇంగ్లీషులో నడుస్తాయి, గదుల్లో మాటలు ఒడియాలో నడుస్తాయి, పడవ మాత్రం తెలుగులో నడుస్తుంది.

మొదటిరోజు నేను పడవ దగ్గర సీసాల పెట్టె దించగానే, పడవ నడిపే తాత నన్ను యెగాదిగా చూసి, "ఏటమ్మా, సముద్రంల నీల్లు తక్కువైపోనాయేటి, సీసాల్తోటి కొలస్తన్నారు?" అన్నాడు.

"నీళ్లు కాదు తాతా, నీళ్లలో యేమున్నదో కొలుస్తారు" అన్నాను.

"ఉప్పుంది. అది నానే సెప్తును గదా" అన్నాడు.

తాత చెప్పినది నిజమే. కాని యెంత వున్నది అన్నదే ప్రశ్న. మహాసముద్రాలలో సగటున కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు వుంటుంది. మన బంగాళాఖాతంలో అంత వుండదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి మొదలైనవన్నీ తెచ్చిపోసే తీపినీరు దీనిని పలచన చేస్తుంది. వర్షాకాలం చివరను మా తీరంలో ఆ అంకె 30కి బాగా దిగువకు పోతుంది. మాఘ ఫాల్గుణాలలో తీరం వెంట ప్రవాహం వుత్తరంగా నడుస్తుంది. ఆశ్వయుజ కార్తికాలు వచ్చేసరికి అదే ప్రవాహం వెనక్కు తిరిగి, వానలనాటి తీపినీటిని దక్షిణానికి మోసుకుపోతుంది. దీనితోపాటే చేపలు, చేపల మేత, జాలరి సంపాదన కూడా మారుతూ వుంటాయి.

నీటిలోని గాలి

మా పనిలో మొదట నేర్పేది నీటిలోని ప్రాణవాయువును కొలవడం. గాలిలో నూటికి 21 పాళ్లు ప్రాణవాయువు. లీటరు గాలిలో అది 270 మిల్లీగ్రాములకు పైగా వుంటుంది. మా తీరపు వెచ్చని సముద్రజలంలో లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. చేప, రొయ్య, పీత అన్నీ ఆ ఆరు మిల్లీగ్రాములతోనే ఊపిరి తీసుకోవాలి. అది రెండుకు దిగిందంటే చాలా జీవులకు ఊపిరి ఆడదు. పారిపోగలిగినవి పారిపోతాయి, పోలేనివి చస్తాయి.

దీనిని కొలిచే పద్ధతిని బుడాపెస్టు నగరపు లాయోష్ వింక్లర్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు 1888లో ప్రకటించాడు. యిన్నేండ్లయినా అది పాతబడలేదు. యిప్పుడు నీటిలో ముంచితే చాలు అంకె చూపించే యంత్రాలు వచ్చాయి. అయినా ఆ యంత్రం నిజం చెబుతున్నదో లేదో తేల్చడానికి వింక్లర్ సీసానే సాక్ష్యానికి పిలుస్తారు.

పద్ధతి యిది. గాజు బిరడా వున్న సీసాలో నీటిని అడుగునుంచి రబ్బరుగొట్టంతో నింపి, పొంగి పొర్లనివ్వాలి. వొక్క బుడగ లోపల మిగిలినా బయటిగాలి లెక్కలో చేరిపోతుంది. వెంటనే, అంటే పడవలోనే, మాంగనీసు లవణం ద్రావణం కొంచెం, క్షారం కలిసిన అయొడైడు ద్రావణం కొంచెం పిపెట్టు కొన నీటిలో ముంచి వదలాలి. బిరడా బిగించి తలక్రిందులుగా తిప్పితే, సీసాలో గోధుమరంగు మడ్డి కడుతుంది. నీటిలోని ప్రాణవాయువును ఆ మడ్డి పట్టుకున్నదన్నమాట. మడ్డి తెల్లగానే వుండిపోయిందంటే ప్రాణవాయువు లేదని అర్థం. గదికి తెచ్చిన తరువాత ఆమ్లం పోస్తే మడ్డి కరిగి, పట్టుకున్న ప్రాణవాయువుకు సరిసమానంగా అయొడిను విడుదలవుతుంది. నీరు బెల్లపు పానకం రంగుకు వస్తుంది. దానిలోకి బురెట్టునుంచి థయోసల్ఫేటు ద్రావణం చుక్కచుక్కగా వదులుతూ, రంగు లేత పసుపు అయినప్పుడు కొంచెం గంజి వెయ్యాలి. గంజిమీద టింక్చరు అయొడిను పడితే నీలంగా మారడం మనకు యింట్లో తెలిసినదే. ఆ నీలం సరిగ్గా యే చుక్కతో మాయమైనదో ఆ చుక్క దగ్గర ఆపాలి.

ఆ చివరి చుక్క దగ్గరే మనిషి సంగతి బయటపడుతుంది. వొక్క చుక్క యెక్కువ పడితే, పడలేదని అనుకోవడం సులభం. నాకు నేర్పిన పెద్ద సహాయకుడు వొకటే చెప్పారు: "అమ్మా, పాకం పట్టేటప్పుడు యెట్లా చూస్తారో అట్లా చూడండి. వచ్చేదాకా తొందరపడకండి. వచ్చిన తరువాత ఆలస్యం చెయ్యకండి." నాకు బాగా అర్థమయింది. పాకం ముదిరితే ఆ వాయి అరిసెలు ఎవరికి పెట్టినా దొరికిపోతాము. యిక్కడ మాత్రం తప్పు చుక్క వేసినదాన్ని యెవరూ పట్టుకోలేరు. అందుకే మరింత జాగ్రత్త.

కంటికి కనపడని పంట

సముద్రంలో కూడా పచ్చిక వుంటుంది. అది కంటికి కనపడనంత చిన్నది. నీటిలో తేలుతూ, ప్రవాహం యెటు తీసుకుపోతే అటు పోయే యీ సూక్ష్మజీవులకు 1887లో హెన్సెన్ అనే జర్మను శాస్త్రజ్ఞుడు ప్లవకాలు, అంటే ప్లాంక్టన్ అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో ఆ మాటకు తిరుగుబోతు అని అర్థమట. వీటిలో ఆకుపచ్చ జాతివి సూర్యరశ్మితో ఆహారం తయారు చేసుకుంటాయి. భూమిమీద జరిగే యీ హరిత వంటలో దాదాపు సగం సముద్రంలోని యీ కంటికి ఆనని మొక్కలే చేస్తున్నాయి. వాటిని తినే చిన్న జంతువులు, వాటిని తినే కవళ్లు, నెత్తళ్లు, వాటిని తినే వంజరాలు, చివరకు మన పళ్లెం.

వీటిని సన్నని నైలాను గుడ్డతో కుట్టిన సంచివంటి వలతో పట్టి, తగిన మందువేసి నిలవ చేస్తారు. మొక్కలకు అయొడిను ద్రావణం, జంతువులకు ఫార్మలిను. లెక్కపెట్టడానికి వొక గాజుపలక వున్నది. పొడుగు 50 మిల్లీమీటర్లు, వెడల్పు 20, లోతు 1. అందులో సరిగ్గా వొక మిల్లీలీటరు నీరు పడుతుంది. అడుగున గీతలు గీచి దానిని 1,000 గళ్లుగా చేస్తారు. సూక్ష్మదర్శినిలో వొక్కొక్క గడి జరుపుకుంటూ, కనిపించినదానిని కనిపించినట్లు గుర్తు పెట్టుకుంటూ పోవాలి. మొదటివారం నాకు అన్నీ వొకటే మాదిరి కనిపించాయి. నెల తిరిగేసరికి కొన్ని ముఖాలు తెలిశాయి. పడవ తెడ్డువంటివి, గొలుసు కట్టినవి, నక్షత్రాలవంటివి, ముత్యపు పెట్టెలవంటివి. పెద్దయ్యాక పీత అయ్యే పిల్లకు నెత్తిన పొడుగాటి కొమ్ము వుంటుంది. అది పీత పిల్ల అని చెబితేనేగాని యెవరూ నమ్మరు.

అప్పుడప్పుడు యీ పచ్చిక వొక్కసారిగా పెరిగిపోతుంది. ఆస్టెరియోనెలా అనే జాతి విశాఖపట్నం తీరంలోను, మా గోపాలపురం తీరంలోను విపరీతంగా పెరిగి, అలల నురగను గోధుమరంగుకు తెచ్చిన సందర్భాలను శాస్త్రజ్ఞులు వ్రాసిపెట్టారు. నాక్టిలూకా అనేది పెరిగితే రాత్రిపూట అల విరిగినచోట నీలికాంతి మిణుకుమంటుంది. యాత్రికులు అది చూసి ఆనందిస్తారు. మేము మర్నాడు పొద్దున్నే ప్రాణవాయువు సీసాలు పట్టుకొని పరుగెత్తుతాము. యెందుకంటే, యింత పంటా చచ్చి కుళ్లేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును అదే తినివేస్తుంది.

బురదలో బ్రతుకు

అన్నిటికన్న మురికిపని సముద్రపు అడుగును పరీక్షించడం. ఇనుప దవడలు రెండు వుండే పరికరాన్ని తాడుతో దించుతారు. అడుగున తగలగానే తాడు వదులయి కొక్కెం జారుతుంది. పైకి లాగితే దవడలు మూసుకొని, వొక చదరపు మీటరులో పదోవంతు మేర బురదను కరుచుకొని వస్తాయి. డచ్చి ఇంజనీరు వాన్ వీన్ 1933లో చేసిన పరికరం యిది. ఆ బురదను అర మిల్లీమీటరు కన్నుల జల్లెడలో పోసి నీటితో కడగాలి. మట్టి పోతుంది, ప్రాణులు మిగులుతాయి. వాటికి గులాబిరంగు అద్దకం వేస్తే, రేణువుల మధ్య పురుగులు యెర్రగా కనిపిస్తాయి. చిన్న పటకారుతో వొక్కొక్కటే యేరి జాతివారీగా వేరుచేయాలి. పప్పులో రాళ్లు యేరినవారికి యీ పని కొత్తకాదు. కాని యిక్కడ పారవేయవలసినదే పప్పు, దాచవలసినవే రాళ్లు.

యీ పురుగులెందుకు అని మా వదినగారు అడిగారు. చేప ఈదిపోతుంది, ప్లవకం కొట్టుకుపోతుంది. బురదలో పురుగు మాత్రం యెక్కడికీ పోలేదు. ఆ చోట ఆరు నెలలుగా జరిగిన మంచిచెడ్డలన్నిటినీ అది అనుభవించే వుంటుంది. మురికి యెక్కువైన చోట జాతులు తగ్గి, మురికిని తట్టుకొనే వొకటి రెండు జాతులే లక్షలుగా పెరుగుతాయి. అందుచేత అడుగు పురుగుల జాబితా ఆ వూరి గ్రామకరణం లెక్కవంటిది.

అలలు తాకే యిసుక రేణువుల మధ్య సందులలో కూడా ప్రాణులున్నాయి. వాల్తేరు తీరంలో వీటిమీద ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆచార్యులు పి. ఎన్. గణపతిగారు, వారి సహచరులు జి. చంద్రశేఖరరావుగారు 1962లో ప్రకటించిన వ్యాసాన్ని మా శాలలో యిప్పటికీ తీసి చూస్తారు. 1952లో లఫాండ్ అనే అమెరికను సముద్రశాస్త్రజ్ఞుడు వాల్తేరు వచ్చి బోధించాడు. మన తూర్పుతీరపు సముద్రగర్భంలోని లోయలకు ఆయన ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అని పేర్లు పెట్టాడు. నీటి అడుగున మన పేరుతో వొక లోయ వున్నదని నాకు యీ వుద్యోగంలో చేరేదాకా తెలియదు.

వొక గీత కథ

యిప్పుడు నేను చేసిన తప్పు వొకటి చెప్పాలి.

మా పనిలో చీటీలకు కట్టుబాటు వున్నది. యే సీసాకైనా పెన్సిలుతో వ్రాసిన చీటీ లోపల వెయ్యాలి. పెన్సిలు గీత నీటికీ, సారాకీ, ఫార్మలినుకూ చెరగదు. బయట సీసా వొంటిమీద వ్రాయాలి. మూతమీద మాత్రమే వ్రాయకూడదు. యెందుకో నాకు మొదటిరోజే చెప్పారు. విన్నాను.

వొక భాద్రపదంలో పడవ బాగా వూగుతున్నది. నదీముఖంలో వొకటి, తీరానికి దూరంగా వొకటి, రెండు వలలు లాగాము. తడిచేతులతో చీటీలు తీయలేక, "గదికి వెళ్లాక వేస్తాను" అనుకొని, రెండు మూతలమీద గుర్తులు వ్రాసి వూరుకున్నాను. గదికి వచ్చి ఫార్మలిను పోయడానికి రెండు మూతలూ తీశాను. యింతలో పిలుపు వచ్చింది. వెళ్లి వచ్చి చూస్తే, బల్లమీద రెండు సీసాలు, పక్కన రెండు మూతలు. యే మూత దేనిదో నాకు తెలియలేదు.

మొదట వచ్చిన ఆలోచన దాచకుండా చెబుతాను. "నదీముఖంలో తీపినీటి జాతులు వుంటాయిగదా, చూసి తేల్చేద్దాము" అనుకున్నాను. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. వొకదానిలో సముద్రపు బాణపు పురుగులు కొంచెం యెక్కువ కనిపించాయి. అది దూరపు సీసా అనుకోవచ్చు. యెవరూ అడగరు. మూతలు పెట్టి యింటికి వచ్చాను.

రాత్రి నిద్రపట్టలేదు. వరదరోజులలో నదినీరు సముద్రంలోకి యెంతదూరం పోతున్నది, దానితో జీవులు యెట్లా మారుతున్నవి అన్నదే ఆ పరిశోధన. అదే తెలియక సీసాలు పడుతూ వుంటే, నేను ముందే జవాబు అనుకొని, ఆ జవాబును బట్టి సీసాలకు పేర్లు పెట్టడమేమిటి? అప్పుడు ఆ సీసాలు చెప్పేది సముద్రం మాట కాదు, నా మాట. అది ఆ పిల్లవాడి సిద్ధాంత గ్రంథంలో అచ్చయి, దానిని చూసి మరొకరు, వారిని చూసి యింకొకరు నిజమనుకుంటారు.

పొద్దున్నే వెళ్లి ఆ పరిశోధక విద్యార్థికి చెప్పాను. నా కొడుకు వయస్సువాడు. నన్ను యేనాడూ అమ్మగారూ అని తప్ప పిలవనివాడు. విని, మాట్లాడకుండా బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ పడవ వేసుకుపోదామంటే అల్పపీడనం వచ్చి పన్నెండు రోజులు సముద్రంలోకి యెవరినీ పోనివ్వలేదు. ఆ తరువాత నది తీసింది. పోయిన వరద మళ్లీ రాదు. పై యేటిదాకా ఆగితే పథకం గడువు ముగిసిపోతుంది.

ఆచార్యులవారు యిద్దరినీ పిలిచి, రెండు సీసాలనూ చూసి, "ఆ నెలకు గీత పెట్టండి" అన్నారు. అంతే. నన్ను కోప్పడలేదు. కోప్పడితే బాగుండును అనిపించింది.

పట్టికలో అన్ని నెలలకూ అంకెలున్నాయి. ఆ వొక్కచోట అడ్డగీత వున్నది. మౌఖిక పరీక్షలో పరీక్షకులు మొదట ఆ గీత గురించే అడిగారట. ఆ అబ్బాయి వున్నదున్నట్లు చెప్పాడట. నా పేరు మాత్రం చెప్పలేదట. పట్టా వచ్చింది. మిఠాయి పట్టుకొని మా యింటికి వచ్చాడు. ఆ రోజున నేను మాట్లాడలేకపోయాను.

అప్పటినుంచి పడవ వెళ్లే ముందురోజు రాత్రే చీటీలు తయారు చేసి పెట్టుకుంటాను. మా అత్తగారికి నా వుద్యోగం మొదట యిష్టంలేదు. చేపల వాసనతో వంటయింట్లోకి రానిచ్చేవారు కాదు. యిప్పటికీ స్నానం చేసిన తరువాతనే రానిస్తారు. కాని యీ కథ విన్న తరువాత ఆవిడే రాత్రి భోజనాలయ్యాక కత్తెర తెచ్చుకొని కూర్చుంటారు. "రేపు యెన్ని సీసాలే?" అని అడిగి, అన్ని చీటీలూ సమానంగా కత్తిరించి, దారంతో కట్టి నా సంచిలో పెడతారు.

యీ కొలతలు యెవరికి?

మనకు దగ్గరలోనే చిలక సరస్సు వున్నది. 1914లో అన్నండేల్, కెంప్ అనే జంతుశాస్త్రజ్ఞులు దానిలోని జీవులను సర్వే చేయడం మొదలుపెట్టి, జాబితాలు వ్రాసిపెట్టారు. వారి వెంట పడవలలో వలలు లాగినవారూ, సీసాలకు చీటీలు వేసినవారూ యెవరో మనకు తెలియదు. కాని ఆ చీటీలు సరిగా వున్నందువల్లనే, తరువాతివారికి పోల్చుకోవడానికి వొక ఆధారం వున్నది.

ఆ సరస్సుకు సముద్రంతో వున్న దారి కాలక్రమాన పూడిపోతూ వచ్చింది. ఉప్పుశాతం తగ్గింది; తీపినీటి నాచు, తుంగ పెరిగాయి; చేపలు తగ్గాయి. అంతర్జాతీయ ప్రాముఖ్యంగల జలభూమిగా 1981లో గుర్తింపు పొందిన చిలకను 1993లో ప్రమాదంలో వున్నవాటి జాబితాలో చేర్చారు. యెక్కడ దారి తెరవాలో కొలతలు చూసి నిర్ణయించి, 2000 సెప్టెంబరులో కొత్త ముఖద్వారం త్రవ్వారు. ఉప్పు తిరిగి వచ్చింది, చేపలు పెరిగాయి, 2002లో ఆ జాబితానుంచి చిలకను తీసివేశారు. వేలాది జాలరి కుటుంబాల కూడు అందులో వున్నది. ఆ నిర్ణయానికి ఆధారం యెవరో వొకరు నెలనెలా పట్టిన నీటి సీసాలే.

మా తీరంలోనే ఋషికుల్య నదీముఖం దగ్గర వేలకు వేలు సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయని 1994లో శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. వొక్కొక్క తాబేలు సుమారు నూరు గుడ్లు పెడుతుంది. యిసుక వేడికి నలభైఅయిదు మొదలు అరవై రోజులలో అవి పొదుగుతాయి. యిసుక యెక్కువ వేడిగా వుంటే ఆడపిల్లలు, చల్లగా వుంటే మగపిల్లలు పుడతాయి. అంచేత యిసుకలో పాతిన ఉష్ణమాపకం చూసి వ్రాసుకోవడం కూడా పనే. కొన్ని యేండ్లు మంద వస్తుంది, కొన్ని యేండ్లు రాదు. రాని యేడు కూడా వెళ్లి చూసి, "రాలేదు" అని వ్రాయాలి.

2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది. అటువంటి తుఫాను తీరానికి యేమి చేసిందో తెలియాలంటే తుఫానుకు ముందు యెట్లా వున్నదో తెలియాలి. తుఫాను వస్తుందని తెలిసి పట్టిన కొలతలు కావు అవి. యేమీ జరగని రోజులలో, యెవరూ మెచ్చుకోని రోజులలో పట్టినవి. 1959 మొదలు 1965 వరకు జరిగిన అంతర్జాతీయ హిందూమహాసముద్ర పరిశోధనలో అనేక దేశాల వోడలు తెచ్చిన ప్లవకాలను వేరుచేసే పని మన కొచ్చిన్ కేంద్రంలోనే జరిగింది. అక్కడ బల్లల ముందు కూర్చొని లెక్కపెట్టినవారి కండ్లమీద నిలబడిన గ్రంథాలు యిప్పటికీ వున్నాయి.

మన పిల్లలకు

మంచిమాటలే చెప్పి పంపడం న్యాయం కాదు. చెడ్డకూడా చెప్పాలి.

యిది చాలావరకు వొక పథకానికి కట్టిన పని. పథకం మూడేండ్లయితే వుద్యోగం మూడేండ్లే. జీతం కొంచెం. పింఛను వుండదు. పుస్తకంలో పేరు సాధారణంగా చివరిపుటలో కృతజ్ఞతల కింద వుంటుంది, లేదా వుండదు. సంసారం అంతా దీనిమీదనే నడవాలనుకొనేవారు బాగా ఆలోచించుకొని చేరాలి. చదువుకొనే పిల్లలకు, యింటి బాధ్యతలున్న ఆడవారికి, పై చదువుకు ముందు యీ దారి తమకు సరిపడుతుందో లేదో తెలుసుకోదలచినవారికి సగంపూట పని మంచిదే.

ఆరోగ్యం సంగతి మరచిపోరాదు. ఫార్మలిను క్యాన్సరుకు కారణం కాగలదని అంతర్జాతీయ సంస్థ 2004లో తేల్చింది. గాలి లాగే పెట్టెలో తప్ప దానిని తెరవకూడదు; చేతితొడుగులు లేకుండా తాకకూడదు. నిలవ ప్రాణులను లెక్కించేముందు నీటిలో బాగా కడగాలి. గాఢమైన ఆమ్లాన్ని నీటిలో పోయాలిగాని, నీటిని ఆమ్లంలో పోయకూడదు. "యిన్నాళ్లూ యేమీ కాలేదు" అనేవారి మాట వినకండి. అడిగితే తొడుగులు యిస్తారు, అడగడానికి సిగ్గుపడకండి.

చేరదలచినవారికి బి.యస్సీ.లో జంతుశాస్త్రంగాని, వృక్షశాస్త్రంగాని, రసాయనశాస్త్రంగాని వుంటే సాధారణంగా చాలు. దగ్గరలోని విశ్వవిద్యాలయంలో సముద్ర జీవశాస్త్ర శాఖకు స్వయంగా వెళ్లి, పథకాలలో సహాయకులు కావాలా అని అడగవచ్చు. మన సంఘం వారున్న చోట్లలో, చిదంబరం దగ్గర పరంగిపేటలో అణ్ణామలై విశ్వవిద్యాలయంవారి సముద్ర జీవశాస్త్ర కేంద్రం పేరుపొందినది. 1966లో స్థాపించిన జాతీయ సముద్రశాస్త్ర సంస్థ గోవాలో వున్నది. యానాం కుటుంబాలవారికి కోరంగి మడ అడవులు యింటి పెరడే. చేతివ్రాత స్పష్టంగా వుండాలి. వొకే పనిని నూరుసార్లు చేసినా నూటవొకటోసారి అదే శ్రద్ధతో చేయగలగాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పగలగాలి. మిగతావన్నీ నేర్పుతారు.

మొన్న పడవ దిగుతూ వుంటే తాత, "అమ్మా, యిన్నేల్ల బట్టీ అట్టుకెల్తన్నారు గదా, సముద్రం ఏటంతంది?" అని అడిగాడు.

"ఈ యేడు నీరు వేడిగా వున్నది తాతా. పోయిన యేటికన్న అర డిగ్రీ" అన్నాను.

తాత తల వూపాడు. "నాకూ అలగే అనిపించింది. సేప దూరం ఎల్లిపోనాది" అని, నా సీసాల పెట్టె భుజాన యెత్తుకొని యిసుకలో ముందు నడిచాడు. ఆయనకు అనిపించినదీ, నాకు అంకెలో కనిపించినదీ రెండూ వొకటే అయినందుకు సంతోషించాలో, విచారించాలో తెలియలేదు. గదికి వెళ్లి ఆ అంకెను పుస్తకంలో వ్రాసి, పక్కన తాత మాట కూడా తేదీ వేసి వ్రాశాను.